వైజాగ్ ఎయిర్‌పోర్ట్ నుంచి రాజమండ్రి ఎయిర్‌పోర్ట్: 12 నిమిషాలా, నాలుగు గంటలా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చిందండి, మీ మీద కాదు, ఆ వెబ్‌సైట్ మీద. వైజాగ్ నుంచి రాజమండ్రికి ఫ్లయింగ్ టైమ్ 12 నిమిషాలు అట. 12 నిమిషాల్లో మన దగ్గర బెల్ట్ మీదకి మొదటి పెట్టె కూడా రాదు.

తర్వాత చదివేవాళ్ళ కోసం విషయం ఒకసారి చెప్తా. ఈయన ఢిల్లీ నుంచి వైజాగ్‌లో ఉదయం 11:20కి దిగుతున్నారు. రాజమండ్రిలో ఉన్న అమ్మానాన్నల్ని తీసుకుని అదే రోజు సాయంత్రం 5:50 ఫ్లైట్‌కి మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్ట్ ఉన్న ఊరు) నుంచి హైదరాబాద్ వెళ్ళాలి, నాన్నగారికి కంటి ఆపరేషన్. ఒక సైట్‌లో దూరం 164 కిలోమీటర్లు, టైమ్ 12 నిమిషాలు అని ఉంది, మ్యాప్‌లో మూడున్నర గంటల పైన చూపిస్తోంది, రెండింటిలో ఏది నమ్మాలి, మధ్యలో ఫ్లైట్ ఏమైనా దొరుకుతుందా అని అడిగారు.

నేను వైజాగ్ ఎయిర్‌పోర్ట్‌లో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో 19 ఏళ్ళు చేశా, చెకిన్ కౌంటరూ చూశా, ర్యాంపూ చూశా, లోడ్ షీట్లూ రాశా. ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటూ మా బావమరిదితో కలిసి నాలుగు కార్లు తిప్పుతున్నా. కాబట్టి పైన ఎంత టైమ్ పోద్దో, కింద ఎంత పోద్దో రెండూ ఓ మాదిరిగా తెలుసు.

ముందు ఆ 164 సంగతి. అది తప్పేం కాదు. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని తాడు లాగి పట్టినట్టు కొలిస్తే 164 కిలోమీటర్లే వస్తుంది, పైలట్ల లెక్కలో 89 నాటికల్ మైళ్ళు (ఒక నాటికల్ మైల్ అంటే 1.852 కిలోమీటర్లు). దాన్ని గంటకి 800 చొప్పున భాగిస్తే 12 నిమిషాలు. ఆ సైట్ చేసిన లెక్క అంతే. అంటే ఆ విమానం మన రన్‌వే మీద పుట్టడమే 800 స్పీడ్‌లో పుట్టి, అదే స్పీడ్‌లో మధురపూడి రన్‌వేని గుద్దుకోవాలన్నమాట.

అసలు ఏం జరుగుద్దంటే, పది వేల అడుగుల లోపు విమానం 250 నాట్లు (గంటకి 250 నాటికల్ మైళ్ళు) దాటకూడదు, అదొక రూలు. ఇంకోటి, కిందకి దిగడానికి వెయ్యి అడుగులకి సుమారు మూడు నాటికల్ మైళ్ళు కావాలి. 20 వేల అడుగులకి ఎక్కాడనుకోండి, దిగడానికే 60 మైళ్ళు పోద్ది, ఎక్కడానికి ఇంకో 50 అయినా పోద్ది, మొత్తం దూరమే 89 అయితే ఇంకెక్కడ ఎక్కుతాడు, ఎక్కడం పూర్తవకుండానే దిగడం మొదలెట్టాలి. జెట్ ఇంజిన్ పైన ఉన్నప్పుడే పొదుపు, కింద తిరిగిందంటే ఆయిల్ తాగేస్తది. అందుకే ఇంత చిన్న దూరానికి మామూలుగా ఎవరూ ఫ్లైట్ వెయ్యరు. రన్‌వే లేక కాదు, మధురపూడిది ఒకప్పుడు 1,750 మీటర్ల లోపే, తర్వాత 3,165 మీటర్లకి పెంచారు, మన వైజాగ్‌ది 3,050. పెద్ద విమానాలు రెండు చోట్లా దిగుతాయి. ఖర్చు గిట్టుబాటు కాక వెయ్యరంతే.

అదీగాక టికెట్ మీద వేసే టైమ్ గాల్లో ఉన్న టైమ్ కాదు, దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. చక్రాల కింద చెక్కలు తీసిన దగ్గర్నుంచి, అవతల మళ్ళీ చెక్కలు పెట్టేదాకా. ఇంజిన్ స్టార్ట్, ట్యాక్సీ, ముందున్నవాడు ఎగిరేదాకా ఆగడం అన్నీ అందులోకే వస్తాయి. పైగా మనది నేవీ వాళ్ళ ఎయిర్ స్టేషన్ ఐఎన్‌ఎస్ డేగా, మనం వాళ్ళ ఇంట్లో అద్దెకున్నట్టు, ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు నడిపే కంట్రోల్, అది కూడా వాళ్ళదే. వాళ్ళ ఫ్లయింగ్ ఉంటే మనం ఆగాలి, అందులో తప్పేం లేదు. విజయవాడకి చూడండి, గన్నవరం మనకి గీత మీద 290 కిలోమీటర్లు, ఆ సైట్ లెక్కన 22 నిమిషాలు, కానీ టికెట్ మీద గంట పైనే ఉంటది. ఆ గన్నవరం ఫ్లైట్ కూడా ఒక ఏడాది ఉంటది, ఒక ఏడాది పోతది, మళ్ళీ ఎవరో రిబ్బన్ కట్ చేస్తే వస్తది. అశోక్ గజపతిరాజు గారు, ఇప్పుడు రామ్మోహన్ నాయుడు గారు, ఇద్దరు విమానాల మంత్రులు మన ఉత్తరాంధ్ర నుంచే, అయినా రాజమండ్రికి మాత్రం మనం కారులోనే పోవాలి.

మధ్యలో ఫ్లైట్ దొరుకుతుందా అన్నారు కదా. యాప్‌లో వెతికితే దొరుకుద్ది, వయా హైదరాబాద్. వైజాగ్ నుంచి శంషాబాద్ 512 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి వెనక్కి మధురపూడికి 361, మొత్తం 873 కిలోమీటర్లు ఎగిరి 164 కిలోమీటర్ల దూరంలో దిగుతారు. మధ్యలో శంషాబాద్‌లో రెండు మూడు గంటలు కూర్చోవాలి. ముక్కెక్కడ అంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. మీ కేసులో ఇంకా తమాషా ఏంటంటే, మీరు చివరికి చేరాల్సింది హైదరాబాదే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

విమానం ఎక్కడ లాభం అంటే కర్నూలు, తిరుపతి లాంటి వాటికి. ఓర్వకల్లు (కర్నూలు ఎయిర్‌పోర్ట్) గీత మీద 580 పైన, తిరుపతి 600, రోడ్డు మీద ఒక పూటంతా పోద్ది, అక్కడ గంటన్నర ఫ్లైట్ అంటే ఫ్లైటే. 200 కిలోమీటర్ల లోపు మాత్రం ఇంటి గేటు నుంచి ఇంటి గేటుకి లెక్క వేస్తే ఎప్పుడూ కారో రైలో గెలుస్తది.

రైలు సంగతి తొందరగా చెప్పేస్తా, మీకు పెద్దగా పనికిరాదు. పొద్దున్న వందే భారత్ మీరు దిగకముందే వెళ్ళిపోద్ది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో ఇంకోటి ఉంది, రెండు గంటల్లో రాజమండ్రి చేరుద్ది, బండి బ్రహ్మాండం, కానీ స్టేషన్ నుంచి మధురపూడి వెళ్ళేసరికి మీ కౌంటర్ మూసేస్తారు. రత్నాచల్ పన్నెండు ముప్పావు ఆ ప్రాంతంలో, మూడు గంటల పైచిలుకు, దాంట్లో కూర్చుంటే సీట్ అంచు మీద కూర్చోవాలి. టైమింగ్స్ మారుతుంటాయి, ఒకసారి చూసుకోండి, కానీ మన ఎయిర్‌పోర్ట్ నుంచి స్టేషన్‌కి వెళ్ళడం అంటే రాజమండ్రికి ఎదురు దిక్కులో వెళ్ళడం, అదొక దండగ.

ఇక రోడ్డు. ఎయిర్‌పోర్ట్ గేట్ నుంచి మధురపూడి గేట్‌కి మా బండి మీటర్లో 185 నుంచి 190 మధ్యలో వస్తది, ఏ దారిన వెళ్ళాం అన్నదాన్ని బట్టి. గీత దూరానికి రోడ్డు దూరానికి తేడా పాతిక కిలోమీటర్లే చూడండి, ఎందుకంటే హైవే మొత్తం తీరం వెంబడి దాదాపు తిన్నగా పోద్ది. మన ఎయిర్‌పోర్ట్ కూడా ఊరికి ఆ పక్కనే ఉంది కాబట్టి ఊరి ట్రాఫిక్ తప్పుద్ది, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర్నుంచి బయల్దేరేవాడికంటే మీరు అరగంట ముందున్నట్టే.

టైమ్ తినేది మొదటి 30 కిలోమీటర్లు, చివరి 20 కిలోమీటర్లు. షీలానగర్, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం, ఈ ముక్క మీద పోర్ట్ లారీలు, స్టీల్ ప్లాంట్ బస్సులు, ఆటోలు అన్నీ మన ముందే ఉంటాయి. షిఫ్ట్ మారే టైమ్‌లో అయితే గాజువాక దాటడానికే ముప్పావు గంట పట్టిన రోజులున్నాయి. పగలు పన్నెండు ఆ ప్రాంతంలో అంత ఉండదు, లంకెలపాలెం మీదుగానే వెళ్ళమనండి. సాయంత్రం అయితే నేను మా వాళ్ళని ఎన్‌ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి మీదుగా సబ్బవరం తీసుకెళ్ళి ఆ కొత్త ఆరు లైన్ల రోడ్డు ఎక్కించి అనకాపల్లిలో దించమంటా, కిలోమీటర్లు పెరుగుతాయి కానీ బుర్ర చల్లగా ఉంటది.

అనకాపల్లి దాటాక ఎలమంచిలి, నక్కపల్లి, వేంపాడు టోల్, పాయకరావుపేట, తాండవ నది దాటితే తుని, ఇదంతా బండి ఒకే స్పీడ్‌లో పోయే రోడ్డు. తుని మీకు సగం దారి, ఇది గుర్తుంచుకోండి. తర్వాత అన్నవరం, కత్తిపూడి, కృష్ణవరం టోల్, జగ్గంపేట. అక్కడ మ్యాప్ ఒక్కోసారి మిమ్మల్ని హైవే దింపి గోకవరం, కోరుకొండ వైపు లోపలి రోడ్లో పంపిస్తది. దగ్గరే, కాదనను, కానీ ఆ రోడ్డు మీద ముందు వరి కోత బండి గానీ చెరుకు ట్రాక్టర్ గానీ ఉంటే దాని వెనకాలే పోవాలి, ఓవర్‌టేక్ కి చోటుండదు. పగలైతే పర్లేదు. చీకటి పడితే నేను మాత్రం రాజానగరం దాకా హైవే మీదే పోయి అప్పుడు తిరగమంటా. మొత్తం మీద ఆగకుండా పోతే మూడున్నర గంటలు, ఒక టీకి ఆగితే మూడు ముప్పావు, కస్టమర్‌కి నేను చెప్పేది మాత్రం నాలుగు గంటలే.

అన్నవరం గురించి ఒక మాట. కార్తీకమాసంలో మీ ప్రయాణం అయితే ఇంకో ముప్పావు గంట కలుపుకోండి. ఒక కార్తీక పౌర్ణమి నాడు మా బండిలో ఒక జంట, వాళ్ళదీ రాజమండ్రి ఫ్లైటే. కొండ కింద బస్సులు, వ్రతాలకొచ్చిన బళ్ళు, నడిచే జనం, హైవే మీద బండి కదల్లేదు, డ్రైవర్ కుర్రాడు నాకు ఫోన్ చేసి అన్నా ఇక్కడే ఉన్నాం, అన్నా ఇంకా ఇక్కడే ఉన్నాం అంటాడు, నేనిక్కడ మర్రిపాలెంలో కూర్చుని ఏం చెయ్యను. చివరికి కౌంటర్ మూసిన నాలుగు నిమిషాలకి చేరారు. ఆవిడ చేతిలో ఆవకాయ డబ్బా, లీక్ అవకుండా మూడు కవర్లు చుట్టి తాడు కట్టింది, ఆయన చేతిలో రెండు సూట్‌కేసులు. కౌంటర్‌లో అమ్మాయి సారీ సార్ సిస్టమ్ క్లోజ్ అయిపోయింది అంది. ఆయన ఫోన్లో నా మీద అరిచాడు, విమానం ఎదురుగా కనిపిస్తుంటే ఎందుకు ఎక్కనివ్వరు అని.

నేను కౌంటర్ వెనక ఉన్న రోజుల్లో నేనూ అదే సారీ వందసార్లు చెప్పా, అందుకని ఆ అమ్మాయిని తిట్టలేకపోయా. గంట ముందు కౌంటర్ మూసేది పొగరుతో కాదండి. ఎంతమంది, ఎన్ని పెట్టెలు, ఎంత బరువు, ఏ హోల్డ్‌లో ఎంత అన్నది అప్పుడు లెక్క కట్టి లోడ్ షీట్ చేస్తారు, దాన్ని బట్టే పైలట్ టేకాఫ్ స్పీడ్, ట్రిమ్ (ముక్కు పైకీ కిందకీ వాలకుండా సరిచేసే సెట్టింగ్) పెట్టుకుంటాడు. రాజమండ్రి నుంచి హైదరాబాద్ మామూలుగా ఏటీఆర్ వేస్తారు, 70-80 మంది పట్టే చిన్న రెక్కల ఫ్యాన్ విమానం, దాంట్లో వెనక నాలుగు పెట్టెలు ఎక్కువైనా లెక్క మారుద్ది. అందుకే పెట్టె ఉన్నవాడికి కౌంటర్ టైమే టైమ్. పెట్టె లేకుండా వెబ్ చెకిన్ చేసుకున్నవాడికి మాత్రం గేట్ మూసేదాకా అవకాశం ఉంది, అది మామూలుగా 25 నిమిషాల ముందు. మీకు ఈ రెండింటి మధ్య 35 నిమిషాలు ఫ్రీగా వస్తున్నాయి, ఎందుకు వదులుకుంటారు.

ఇప్పుడు మీ రోజు లెక్క. టికెట్ మీద 11:20 అంటే చెక్కలు పెట్టే టైమ్. చేతి బ్యాగ్ ఒక్కటే అయితే 11:40కి బయట ఉంటారు, చెకిన్ పెట్టె ఉంటే 12. మూడు ముప్పావు గంటలు వేసుకుంటే మూడున్నర, నాలుగు మధ్య మధురపూడి. కౌంటర్ 4:50కి మూస్తారు, గేట్ 5:25కి. కాబట్టి అంతా సవ్యంగా జరిగితే సరిపోద్ది, గంట మిగుల్తది కూడా. సవ్యంగా జరక్కపోతే అన్నదే భయం, ఎందుకంటే మీవి రెండు వేరే వేరే టికెట్లు. ఢిల్లీ విమానం లేటయితే రాజమండ్రి విమానం వాడికి సంబంధం లేదు, మీరు రాలేదు అని రాసుకుంటాడు, డబ్బులు పోతాయి. డిసెంబర్, జనవరిలో ఢిల్లీ పొద్దున్న ఫ్లైట్ అంటే మంచు, దాని గురించి మీకు నేను చెప్పేదేముంది, అక్కడే ఉంటున్నారు.

అందుకని నేను చెప్పేది ఇది. అమ్మగారిని నాన్నగారిని మీతో సంబంధం లేకుండా ఎక్కేటట్టు ముందే సెట్ చేసి పెట్టండి. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఇద్దరికీ వీల్ చెయిర్ అసిస్టెన్స్ రాయించండి, 48 గంటల ముందు చెప్తే మంచిది, కళ్ళు సరిగ్గా కనపడని మనిషికి ఏటీఆర్ వెనక తలుపు దగ్గర ఉండే నాలుగు మెట్లు కూడా ఇబ్బందే. బోర్డింగ్ పాస్‌లు కాగితం మీద ప్రింట్ తీయించి ఇంట్లో పెట్టించండి, ఫోన్లో ఉంది చూపిస్తే చాలు అనొద్దు, పెద్దవాళ్ళు ఆ టైమ్‌కి ఫోన్ లాక్ మర్చిపోతారు. ఆధార్ ఒరిజినల్స్ చేతి సంచిలో. మీ పెట్టె ఏమైనా ఉంటే బరువు తగ్గించి ఏడు కిలోల చేతి బ్యాగ్‌లోకి తెచ్చేయండి.

ఇప్పుడు పైన గుర్తు పెట్టుకోమన్నా కదా. మీరు వాళ్ళని కలవాల్సింది మధురపూడిలోనే అని ఎక్కడా రాసిలేదు. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి రోజంతా ఫ్లైట్లు ఉంటాయి, గంటం పావు ప్రయాణం. మీరు ఎంత లేటైనా సరే, మధ్యాహ్నం ఒంటిగంటలోపు వైజాగ్ ఎయిర్‌పోర్ట్ బయట పడితే కారు ఎక్కండి. ఒంటిగంట దాటితే కారు ఎక్కొద్దు, అక్కడే డిపార్చర్ వైపు తిరిగి హైదరాబాద్ టికెట్ కొనుక్కోండి, వాళ్ళకంటే ముందో వెనకో శంషాబాద్ చేరి అరైవల్ గేట్ దగ్గర వీల్ చెయిర్ కోసం నిలబడండి. చాలామంది ఈ ముక్క ఆలోచించరు, అమ్మానాన్న అక్కడున్నారు కదా అని రాజమండ్రి వైపే పరిగెడతారు, దారిలో గంటకి 120లో తోలమని డ్రైవర్ ప్రాణం తీస్తారు. నిజం చెప్పాలంటే నేనే మీ స్థానంలో ఉంటే మొదటి నుంచీ ఇదే ప్లాన్ పెట్టుకునేవాణ్ణి, ఢిల్లీ నుంచి నేరుగా హైదరాబాద్ వెళ్ళి, రాజమండ్రిలో ఎవరైనా చుట్టాలబ్బాయిని పిలిచి ఎయిర్‌పోర్ట్ దాకా దింపమనేవాణ్ణి. కానీ పక్కన మీరుంటేనే నాన్నగారికి ధైర్యం అంటున్నారు, అది మీ ఇంటి విషయం, నేను కాదనను.

ఇంకో జాగ్రత్త, ఇది మీకే కాదు అందరికీ. విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్ట్‌కి మారాక ఈ లెక్కంతా మళ్ళీ వేసుకోవాలి. అది ఊరికి విజయనగరం వైపు, ఇక్కణ్ణుంచి దాదాపు 45 కిలోమీటర్లు, అంటే రాజమండ్రికి అంత దూరం జరిగినట్టు. ఆనందపురం దగ్గర బైపాస్ ఎక్కినా గంట కలుపుకోవాలి. టికెట్ మీద ఎయిర్‌పోర్ట్ పేరు చూడకుండా వైజాగ్ అంటే వైజాగే కదా అనుకుంటే చిక్కే.

ఈ దారి ఎంత దూరం అవ్వగలదో నేను 2014లో చూశా. అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన టెర్మినల్ పైకప్పు లేచిపోయింది, కొన్ని రోజులు విమానాలు లేవు, జనాన్ని రోడ్డు మీద రాజమండ్రి పంపించాం. మొదటి బండిలో నేనూ ఎక్కా. అనకాపల్లి దాకా రోడ్డు మీద చెట్లే, దిగడం, కొమ్మలు లాగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. మామూలుగా అరగంట పైన పట్టని ముక్కకి మూడు గంటలు పట్టింది. అప్పుడు కూడా గీత మీద అదే 164.

డ్రైవర్‌కి ముందు రోజే మీ ఫ్లైట్ నంబర్ ఇచ్చి ట్రాక్ చేసుకోమనండి, మీరు దిగాక ఫోన్ చేసి పిలిస్తే పార్కింగ్ నుంచి రావడానికి ఇంకో పది నిమిషాలు. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయా అని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. మధ్యాహ్నం ఒకటీ ముప్పావుకి తుని దాటారా, బేఫికర్, అన్నవరంలో ఆగి నాన్నగారి కోసం ఒక ఆకు పొట్లం ప్రసాదం కూడా తీసుకోండి, కొండ ఎక్కక్కర్లేదు, హైవే పక్కనే కౌంటర్ ఉంటది. రెండున్నరకి కూడా తుని రాలేదా, ప్రసాదం వద్దు, టీ వద్దు, డ్రైవర్ ఆపుతా అన్నా వద్దనండి, మావాళ్ళకి అక్కడ బండి దానంతటదే ఆగుద్ది.